జిగురు రుచి

మార్చి 3

డాక్టరుకి చూపించే పుస్తకం వేరే ఉంది. పొద్దున ఏం తిన్నాను, మధ్యాహ్నం ఏం తిన్నాను, కడుపు ఎన్నిసార్లు కదిలింది, అందులో ఇవే. అది కోడలు రాస్తుంది, పైన వంటింట్లో ఉంటుంది. ఇది నాది. మా ఆవిడ పోయిన ఈ ఆరేళ్ళలో ఇంట్లో నా మాట వినేవాళ్ళు లేక కాదు. కొన్ని మాటలు వినిపించదగ్గవి కావు. అందుకని కింద షెడ్డులోనే రాసి, ఇక్కడే పెడుతున్నాను.

ఇవాళ రక్తం రిపోర్టు వచ్చింది. గోధుమ పడని జబ్బుకి చూసే అంకె కిందటి ఆగస్టులో నూట ఎనభై ఆరు. ఇప్పుడు నూట డెబ్భై ఒకటి. మామూలు మనిషికి పది లోపు ఉండాలట. ఏడు నెలలు గోధుమ ముట్టకుండా ఉంటే తగ్గేది ఇంతేనా అని కడుపు డాక్టరు నావైపు కాకుండా కోడలి వైపు చూశాడు.

"ఎక్కడో దూరుతోందమ్మా. వెతకండి," అన్నాడు.

గోధుమలోనూ బార్లీలోనూ ఒక జిగురు లాంటిది ఉంటుందట. గ్లూటెన్ అంటారు. అది నా పేగుల్ని లోపల్నుంచి చిత్రిక పడుతోందని మొదటిసారి చెప్పినప్పుడు నవ్వొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా పాత బల్లలూ కుర్చీలూ అతికించి బతికినవాడికి జిగురు పడదట.

మార్చి 5

కోడలు ఇల్లు పీకి పందిరేసింది. ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. చీమ తలకాయంత అక్షరాలు కూడా చదివేస్తుంది. సోయా సాసులో గోధుమ ఉంది కాబట్టి పోయింది. మసాలా పొడి డబ్బా మీద ఏమీ రాయలేదు, రాయలేదు కాబట్టి అదీ పోయింది. నా ఎముకల మాత్రల కంపెనీకి ఫోన్ చేసి, మాత్ర గట్టిపడటానికి ఏ పిండి కలుపుతారని అడిగి, మొక్కజొన్న పిండి అని వాళ్ళు చెప్పేదాకా లైన్లోనే కూర్చుంది. నా టూత్ పేస్టు అట్టపెట్టె కూడా చదివింది. చెక్క పాత పిండిని పీల్చుకుని ఉంటుందని గరిటెలు, రొట్టెలు ఒత్తే పీట, కర్ర, అన్నీ సంచిలో వేసింది. ఆ పీట నేను చేసిందే. ఆమె పెళ్ళయి వచ్చిన ఏడు చేశాను.

"ఏమీ అనుకోకండి మామయ్యా," అంది.

"అనుకోవడానికేముందమ్మా, చెక్కే కదా," అన్నాను.

అనుకున్నాను.

మార్చి 6

బుడంకాయ ఆడుకునే రంగుల మట్టి కూడా పోయింది. అందులోనూ గోధుమపిండే ఉంటుందట. నా మనవరాలికి ఐదేళ్ళు. ఆ మట్టితో కేకు చేసి నా నోటి దగ్గర పెడుతుంది. నేను తిన్నట్టు నటిస్తాను. ఒక్కోసారి పెదవికి తగులుతుంది. దొంగ దొరికాడనుకున్నాం అందరం. బుడంకాయ గంటసేపు ఏడ్చింది. వాళ్ళమ్మ కూడా కళ్ళు తుడుచుకోవడం చూశాను.

మార్చి 11

లైబ్రరీ పని వచ్చింది. చదువుకునే బల్లలు పన్నెండు. డెబ్భై ఏళ్ళ నాటివి. పైన మధ్యలో పచ్చగుడ్డ అతికి ఉంటుంది, చుట్టూ చెక్క అంచు. గుడ్డలు చిరిగిపోయాయి, అంచులకి పురుగు రంధ్రాలు పడ్డాయి. లైబ్రరీ మేడమ్ స్వయంగా షెడ్డుకి వచ్చింది.

"ఇప్పటి జిగుర్లు వద్దండీ. రేపెవరైనా గుడ్డ మార్చాలంటే చెక్కంతా లేచొచ్చేస్తుంది. తడిగుడ్డ వేస్తే వదిలే పాతరకం జిగురు కావాలి. అది ఈ చుట్టుపక్కల మీరొక్కరే చేస్తారట కదా."

"ఒక్కణ్ణే," అన్నాను.

ఆ మాట అంటున్నంతసేపూ కడుపులో నొప్పి తెలియలేదు.

మార్చి 14

పొద్దున్నే జిగురు ఉడికించాను. మొదటి బల్ల.

నాకు పని నేర్పిన మేస్త్రీ చేతి లెక్క అది. దాన్ని కాగితం మీద ఎవరూ రాసుకోలేదు. సన్నటి సెగ, ఆగకుండా తిప్పుతూ ఉండాలి, ఉండ కట్టకూడదు. దించే ముందు వేలి కొసతో తీసి నాలుక మీద పెట్టి చూడాలి. పచ్చి రుచి ఉంటే పట్టు ఉండదు, వారం తిరిగేసరికి బూజు పడుతుంది. పచ్చి పోయాకే పటిక పొడి వేయాలి. "కంటికి కనపడదురా, నాలుకకే తెలుస్తుంది," అనేవాడు మేస్త్రీ. మూడుసార్లు చూస్తే గాని దించనిచ్చేవాడు కాదు.

నేనూ మూడుసార్లు చూస్తాను.

మార్చి 22

నాలుగు బల్లలయ్యాయి. అదే జిగురులో రంపపు పొట్టు కలిపి లప్పం చేసి పురుగు రంధ్రాలు పూడ్చాను. ఆరాక గరుకు కాగితం పట్టాను. మీసాల మీద, చొక్కా మీద తెల్లటి ధూళి. బుడంకాయ చూసి "తాతయ్యకి మంచు కురిసింది," అంది.

సాయంత్రం మెట్లెక్కుతుంటే కాళ్ళు తిమ్మిరి. నోట్లో పుళ్ళు మళ్ళీ లేచాయి.

మార్చి 23

కడుపు ఏడుసార్లు కదిలింది.

మార్చి 30

రాయకూడదని రెండు రోజులుగా ఆగాను. ఇది నా పుస్తకమే కాబట్టి రాస్తున్నాను.

కోడలు షాపులో మధ్యాహ్నం బ్రెడ్డు తింటుంది. ఇంట్లో మానేసింది గాని బయట తినొద్దని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. కానీ ఇంటికొచ్చి చేతులు కడుక్కునే ముందు గిన్నెలు ముడుతుందేమో. ఆమె సంచిలో రొట్టె పొడి చూశాను. చూశానంటే, సంచి కింద పడితే తీసిపెట్టాను, అప్పుడు చూశాను.

కావాలని చేస్తుందని నేననడం లేదు. పొద్దున లేస్తే ఉద్యోగం, పిల్ల, నా పథ్యం. అలసిపోయిన చెయ్యి ఎక్కడో ఒకచోట జారుతుంది. మా ఆవిడ ఉండి ఉంటే ఇలా జరిగేది కాదు.

ఈ చివరి మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

ఏప్రిల్ 6

వియ్యపురాలు వచ్చింది. కూతుర్నీ మనవరాలినీ చూసి పోదామని. అందరం భోజనానికి కూర్చున్నాం. అన్నం, గుడ్డు కూర, ఆకుకూర. కోడలు వడ్డిస్తోంది. రెండు ముద్దలు తిన్నానో లేదో కడుపు మెలిపెట్టింది. చెమటలు పట్టాయి.

"ఏమైంది మామయ్యా?" అని కోడలు దగ్గరికొచ్చింది.

కంచం ముందుకు తోసేశాను. "నీ చేతి వంట తిన్నన్నాళ్ళు నాకు నయం కాదు," అన్నాను.

గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే కోపం అనుకునేవాళ్ళు.

వియ్యపురాలు కూతురి మొహం చూసింది. అబ్బాయి "నాన్నా" అని ఆగిపోయాడు. కోడలు నా కంచం తీసింది, వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

కాలు జారితే తీసుకోవచ్చంటారు.

ఏప్రిల్ 7

షెడ్డులోనే వండుకుంటున్నాను. జిగురు పొయ్యి ఉండనే ఉంది. గిన్నె బాగా తోమాను. అన్నం వండి, గుడ్డు ఉడకేసుకున్నాను. ఇప్పుడు నా తిండి నా చేతిలో ఉంది, ఎవరినీ అనాల్సిన పని లేదు.

ఏప్రిల్ 9

పదిసార్లు. పాత విషం బయటికి పోతోందేమో.

ఏప్రిల్ 10

అబ్బాయి కిందికొచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది, మాటలు తక్కువ. అన్నం కలుపుకునే గరిటె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "పైకి రా నాన్నా," అన్నాడు. రానన్నాను. కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

ఏడో బల్ల పచ్చగుడ్డ పరిచాను. ఒక్క ముడత లేదు.

ఏప్రిల్ 12

బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాను. కళ్ళ ముందు నల్లగా అయింది. లేచేసరికి ఎదురుగా కోడలు. చేతిలో నీళ్ళు. వారం తర్వాత మొదటి మాట.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. నేనూ వస్తున్నా," అంది. అడగడం కాదది.

ఏప్రిల్ 13

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. కోడలు పుస్తకం తీసుకొచ్చింది. అది ఎప్పుడూ పూర్తిగా తెరిచి చూడలేదు నేను. తిన్నవి మాత్రమే కాదు, వండిన ప్రతి వస్తువు పొట్లం మీది అట్టముక్క కత్తిరించి అంటించింది. ఏ కంపెనీకి ఏ రోజు ఫోన్ చేసింది, ఎవరు మాట్లాడారు, ఏం చెప్పారు, అన్నీ. షాపులో తను తిన్నదీ రాసుకుంది. ఇంటికొచ్చి సబ్బుతో చెయ్యి కడిగిన సంగతీ రాసుకుంది. నేను షెడ్డులో వండుకున్న రోజులు మాత్రం ఖాళీగా వదిలేసింది.

డాక్టరు చాలాసేపు తిరగేశాడు. "ఇంట్లో తప్పేం కనిపించట్లేదమ్మా. ఇంత శ్రద్ధగా నా పేషెంట్లలో ఎవరూ చేయలేదు," అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "మీరు చెక్క పని కదా. ఏమేం వాడతారు?"

"చెక్క, మేకులు, జిగురు," అన్నాను.

"జిగురు దేనితో చేస్తారు? కొన్నిట్లో గోధుమపిండి ఉంటుంది. ముట్టుకుంటే ఏం కాదు. నోట్లోకి పోతేనే. ధూళి పీల్చినా కొంత గొంతు దిగుతుంది. అందుకని అడుగుతున్నా."

ఏదో చెప్పాను.

వచ్చేటప్పుడు బస్సులో కోడలు కిటికీ వైపు కూర్చుంది.

ఏప్రిల్ 14

పని చేయలేదు.

ఏప్రిల్ 15

ఎనిమిదో బల్లకి జిగురు ఉడికించాను. నాలుక మీద పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నాకు నేను చెప్పుకోలేదు.

ఏప్రిల్ 16

కొన్నది అని చెప్పాను. ఆ రోజు డాక్టరు అడిగితే, "జిగురు కొట్లో కొన్నదేనండీ, డబ్బాలో వస్తుంది," అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. పక్కనే కోడలు.

మైదాతో చేస్తానని చెప్పడానికి నాకేం సిగ్గు? మేస్త్రీ ఇచ్చిన పద్ధతి. సిగ్గు దాని గురించి కాదు. మైదా అని నోరు తెరిస్తే, ఆ వెనకే ఇంకోటి చెప్పాలి. రోజూ పొద్దున మూడుసార్లు నాలుక మీద పెట్టుకుంటున్నానని చెప్పాలి. తినడం వేరు, రుచి చూడడం వేరు అని ఎనిమిది నెలలు నాకు నేను చెప్పుకున్న సంగతి చెప్పాలి. అప్పుడు ఆ రోజు కంచం ముందు నేనన్న మాట ఎక్కడ పెట్టుకోవాలి?

నిజంగా తెలియదా నాకు? ఆగస్టులో డాక్టరు గోధుమ అన్న రోజే జిగురు గిన్నె గుర్తొచ్చింది. గుర్తొచ్చింది, వెళ్ళిపోయింది. వెళ్ళిపోనిచ్చాను.

ఏప్రిల్ 17

అబ్బాయి చెప్పాడు. ఇల్లు చూశారట. కోడలి షాపుకి దగ్గర, రెండు గదులు. ఒకటో తారీఖుకి మారతారు.

"నీ మీద కోపం కాదు నాన్నా," అన్నాడు. "తను ఉంటే నీకు నయం కాదంటున్నావు. తను కూడా అదే అనుకుంటోంది. కొన్నాళ్ళు విడిగా ఉండి చూద్దాం. వంటకి ఎవరినైనా పెడదాం."

"సరే," అన్నాను.

అప్పుడైనా చెప్పాల్సింది.

ఏప్రిల్ 18

రేపు చెప్తాను.

ఏప్రిల్ 19

చెప్పాను.

సెలవు రోజు. అబ్బాయి బుడంకాయని తీసుకుని బయటికి వెళ్ళాడు. కోడలు పైన గిన్నెలు సర్దుతోంది. కొన్ని అట్టపెట్టెలో, కొన్ని అల్మరాలో. నా కోసం ఉంచినవాటి మీద కాగితం అంటించింది, "మామయ్యవి" అని.

గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"అమ్మా, నా జిగురు కొన్నది కాదు. మైదాతో నేనే ఉడికిస్తాను," అన్నాను.

ఆమె చేతిలో గిన్నె అలాగే ఉంది. "డాక్టరుగారికి కొన్నదన్నారు కదా."

"అబద్ధం చెప్పాను. ఉడికిందో లేదో నాలుక మీద పెట్టి చూస్తాను. రోజూ. లప్పం కూడా దానితోనే. దాని ధూళే ఒంటినిండా."

ఆమె గిన్నె కింద పెట్టింది. నవ్వుతుందేమో అనుకున్నాను, ఒక్క క్షణం అలాగే అనిపించింది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికించారు నాతో," అంది. తర్వాత, "ఎన్నాళ్ళ నుంచి తెలుసు మీకు?"

ఆగస్టు నుంచి అనాలా? డాక్టరు దగ్గర్నుంచి అనాలా? "ఖాయంగా తెలిసింది డాక్టరు అడిగిన రోజే. ఆరు రోజులు," అన్నాను.

"ఎనిమిది నెలలు తెలియక చేశారంటే సరే మామయ్యా. ఈ ఆరు రోజులు తెలిసి చేశారు. ఈ ఆరు రోజుల్లో మేం ఇల్లు మాట్లాడుకున్నాం. పిల్ల స్కూలు మార్చడానికి వెళ్ళొచ్చాను. మా అమ్మ రోజూ ఫోన్ చేసి, నిజం చెప్పవే, ఎక్కడ పొరపాటు చేశావు అంటోంది. చివరికి నాకే అనుమానం వచ్చింది. షాపులో కూర్చుని చేతులు వాసన చూసుకునేదాన్ని, ఇంకా పిండి ఉందేమోనని."

గుమ్మం చెక్కని గోరుతో గీస్తూ నిలబడ్డాను.

"మీరు జిగురు సంగతి చెప్పారు. ఆ రోజు అన్న మాట సంగతి మాత్రం చెప్పలేదు," అని అట్టపెట్టె మూత మూసింది.

దానికి జవాబు నా దగ్గర ఉంది. చెప్పకుండా మెట్లు దిగొచ్చేశాను.

ఏప్రిల్ 20

వియ్యపురాలికి ఫోన్ చేశాను. "చెల్లెమ్మా, తప్పు మీ అమ్మాయిది కాదు, నాది," అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆవిడ అంతా విన్నాక, "సరే అన్నయ్యగారూ, ఆరోగ్యం చూసుకోండి," అని పెట్టేసింది.

ఆవిడకి చెప్పడం తేలికైంది. ఎందుకో తెలుసు. ఆవిడ మొహం కనిపించదు కదా.

ఏప్రిల్ 21

కోడలు షాపు నుంచి వచ్చి నేరుగా షెడ్డులోకి వచ్చింది. చేతిలో ఆ పుస్తకమే. కొత్త పేజీ తీసి, అరల ముందు నిలబడింది.

"ఒక్కొక్క డబ్బా ఇవ్వండి."

కోపం కోపమే, పని పనే. ఆమె తీరు అది. ఇచ్చాను. మైదా సంచి, బయటికి. కొనుక్కున్న లప్పం పొడి డబ్బా మీద ఏమీ లేదు, కంపెనీకి ఫోన్ చేయాలి అని రాసుకుంది. గోడకాగితం అంటించే పొడిలో గోధుమ గంజి, బయటికి. తెల్ల జిగురు పర్వాలేదు. మూలనున్న ప్లైవుడ్ ముక్కలు చూసి, వీటి పొరలు దేనితో అంటిస్తారని అడిగింది. ఫ్యాక్టరీ జిగురులో కూడా పిండి కలుపుతారని నేనే చెప్పాను. అడగకపోయినా చెప్పి ఉండేవాణ్ణి, ఈసారి.

"కోసేటప్పుడు మాస్కు పెట్టుకోండి. ఆ చొక్కాతో అన్నం దగ్గర కూర్చోకండి. ఈ పొయ్యి మీద తిండి వండకండి. బ్రష్షు నోట్లో పెట్టుకోకండి."

"బ్రష్షు నోట్లో పెట్టుకుంటానా నేను?"

"ఇప్పుడే పెట్టుకున్నారు," అంది.

తీశాను. ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు.

ఈసారి నవ్వింది. నన్ను చూసి కాదు, పుస్తకంలోకి చూస్తూ.

మే 1

వెళ్ళారు. ఇప్పుడు కారణం తెలిసింది కదా, ఆగుతారేమో అనుకున్నాను. నోరు తెరిచి అడగలేదు. అట్టపెట్టెలు వ్యానులోకి నేనే ఎత్తాను. బుడంకాయ "తాతయ్యా, నువ్వు ఎప్పుడొస్తావు?" అంది. వాళ్ళమ్మ వైపు చూశాను. ఆమె తాడు ముడి వేస్తోంది.

మే 9

బియ్యప్పిండి. మొదటిసారి పల్చబడి గుడ్డలోంచి మరకలుగా తేలింది. రెండోసారి ఆరాక అంచు గోరుతో లేచొచ్చింది. మూడోసారి పిండిని ముందురోజే నానబెట్టి, సన్నసెగ మీద రెట్టింపు సేపు తిప్పాను. నాలుక లేకుండా పచ్చి పోయిందని తెలుసుకోవడం ఎలా? చల్లటి నీళ్ళలో చుక్క వేసి చూశాను. విడిపోలేదు. ముత్యంలా అడుక్కి దిగింది.

మర్నాడు గుడ్డముక్క లాగి చూస్తే పోగులు తెగాయి గాని అతుకు వదల్లేదు. తడిగుడ్డ వేస్తే మాత్రం అరగంటలో వదిలింది. మేస్త్రీ ఉంటే ఒప్పుకునేవాడు కాదు. ఆయన కడుపుకి గోధుమ పడేది.

మే 16

కంటికి కనపడదు, నాలుకకే తెలుస్తుంది. ఆ మాట నా చేతిలో ఇన్నేళ్ళు ఉంది, ఒక్కసారి తిప్పి చూడలేదు. కంటికీ తెలుస్తుంది. చూసే ఓపిక ఉండాలి.

జూన్ 2

పన్నెండు బల్లలూ అప్పజెప్పాను. మైదా జిగురుతో చేసిన ఎనిమిదింటి సంగతి లైబ్రరీ మేడమ్‌కి చెప్పాను. గోధుమ పడనివాళ్ళు చదువుకోడానికి వస్తే భయపడాలా అంది. బల్లని నాకితే తప్ప ఏం కాదన్నాను. ఆమె చాలాసేపు నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, చాలా రోజులకి.

జూలై 19

కాళ్ళ తిమ్మిరి తగ్గింది. నాలుగు కిలోలు పెరిగాను. రోజుకి ఒకసారి.

వంట నేనే, పైన వంటింట్లో. "మామయ్యవి" అన్న కాగితాలు ఊడిపోకుండా గిన్నెలు తోముతున్నాను.

సెప్టెంబరు 12

ముప్పై ఎనిమిది. డాక్టరు రిపోర్టు రెండుసార్లు చూశాడు. ఇంకో ఏడాదికి మామూలుకి రావచ్చు అన్నాడు. "మీ కోడలుగారు రాలేదే?" అన్నాడు. పనిలో ఉందన్నాను.

సెప్టెంబరు 13

రిపోర్టు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. రెండో అంతస్తు. కోడలు అప్పుడే షాపు నుంచి వచ్చినట్టుంది, భుజాన సంచి అలాగే ఉంది. రిపోర్టు చూసింది. ఆ అంకె మీద వేలు పెట్టి, కాసేపు తీయలేదు.

"మంచిది మామయ్యా," అంది.

నాలుగు నెలలుగా అనుకుంటున్న మాట అప్పుడన్నాను. "ఇంక వచ్చేయండమ్మా. ఇల్లు ఖాళీగా ఉంది."

ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఎదురుగా కూర్చుంది.

"మీరు రండి. ఎప్పుడైనా రండి, తినండి. కానీ మేం రాం మామయ్యా. పంతం కాదు. ఆ వంటింట్లో నిలబడితే మళ్ళీ చేతులు వాసన చూసుకుంటాను. మొన్న పాప ఏదో మర్చిపోయిందని వచ్చాను చూడండి, గుమ్మంలోనే ఆగిపోయాను. ఇక్కడ బాగానే ఉంది నాకు."

"సరే," అన్నాను. అనడానికి అదొక్కటే ఉంది.

దిగి వస్తుంటే మెట్ల మీద ఆగాను. అంకె తగ్గితే అన్నీ తగ్గుతాయనుకున్నాను. నా రక్తం రిపోర్టు నాది. ఆమెది వేరే ఉంది, దాన్ని ఎవరూ పరీక్ష చేయించలేదు.

సెప్టెంబరు 28

ఆదివారం భోజనానికి పిలిచారు. వెళ్ళాను. తిన్నాను. ఏమీ కాలేదు. బుడంకాయకి ముందు రెండు పళ్ళు ఊడాయి.

క్షమించమన్న మాట మాత్రం చెప్పలేదు. అందరూ ఉన్నారు. అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలని తెలుసు. అయినా అందరూ ఉన్నారనే చెప్పలేదు.

అక్టోబరు 5

వాళ్ళ పడకగది తలుపు నేలకి రాసుకుంటోందని పోయినసారే చూశాను. ఇవాళ పనిముట్ల పెట్టె తీసుకుని వెళ్ళాను. అబ్బాయి డ్యూటీలో ఉన్నాడు. బుడంకాయ పక్కింట్లో ఆడుకుంటోంది. తలుపు ఊడదీసి, బాల్కనీలో పెట్టి కింది అంచు చిత్రిక పట్టాను. మాస్కు పెట్టుకునే. కోడలు కాసేపు చూసి, పొట్టు ఎత్తడానికి చీపురు తెచ్చింది.

మళ్ళీ బిగించడానికి ఇద్దరు కావాలి. "నేను పట్టుకుంటా," అని ఆమె గదిలోపలికి వెళ్ళి తలుపుని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. నేను ఇవతల. మధ్యలో తలుపు. పక్క అంచు మీద ఆమె నాలుగు వేళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"ఇంకొంచెం పైకమ్మా."

"ఇంతేనా?"

"ఆ, అంతే. అలాగే ఉంచు."

మొదటి స్క్రూ పట్టింది. రెండోది పెట్టాను. తిప్పకుండా ఆగాను. వియ్యపురాలికి చెప్పినప్పుడు మొహం కనిపించకపోవడం తేలికైంది. ఇప్పుడూ కనిపించడం లేదు. ఇది కూడా పిరికితనమే అని తెలుసు. అయినా ఇలాగైనా చెప్పకపోతే ఇంకెలాగూ చెప్పలేను.

"అమ్మా, ఆ రోజు కంచం ముందు నేనన్న మాట," అన్నాను. "నీ వంట వల్ల నయం కాదన్న మాట. అన్యాయం అది. మీ అమ్మ ముందు అన్నాను. ఆవిడ ముందు కూడా చెప్తాను. ఆగస్టు నుంచే నాకు లోపల అనుమానం ఉంది. ఆ అనుమానం నా మీదకి రాకూడదని నీ మీదకి తోసేశాను. క్షమించమని అడగడానికి నాకు ఆరు నెలలు పట్టింది."

అంచు మీద వేళ్ళు అలాగే ఉన్నాయి. గోళ్ళు తెల్లబడ్డాయి.

"మామయ్యా," అంది.

"ఆ."

"విన్నాను. ముందు ఆ స్క్రూ బిగించండి, చెయ్యి లాగేస్తోంది."

బిగించాను.